సిలికాన్ మౌల్డ్‌లో మొదటి కేక్: పైన రంగొచ్చి, అడుగున పచ్చిగా ఎందుకు మిగిలింది?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. మొదటిసారి కేక్ చేశారు, మౌల్డ్ కొత్తది, గుండ్రటి సిలికాన్‌ది. రెసిపీలో 180 డిగ్రీల్లో 30 నిమిషాలు అని ఉంది, గడియారం చూసుకుని సరిగ్గా అంతే పెట్టారు. పైన చక్కగా రంగొచ్చింది గానీ అడుగు పచ్చిగా ఉంది, గుండ్రంగా రావాల్సింది కోలగా వచ్చింది, వేడివేడిగా తిరగేస్తే సగం పళ్లెంలో పడి సగం మౌల్డ్‌లోనే ఉండిపోయింది. ఇక ఈ సిలికాన్‌ని పక్కన పడేసి అల్యూమినియం టిన్ కొనుక్కోవాలా అని అడుగుతున్నారు.

కొనక్కర్లేదు. పన్నెండేళ్లుగా నేను రెండూ వాడుతున్నాను, మొదటి ఏడాది సిలికాన్‌లో పాడుచేసిన కేకులకైతే లెక్కే లేదు. మీ ఇబ్బందులు విడివిడిగా కనిపిస్తున్నాయి గానీ చాలావరకు ఒకే చోట మొదలయ్యాయి. ఆ రెసిపీ రాసినవాళ్లు లోహపు టిన్‌ని మనసులో పెట్టుకుని రాశారు, మీరు దాన్ని సిలికాన్‌లో పోశారు.

వేడి వంటపాత్ర దించడానికి సిలికాన్ గ్లౌజులు వాడతాం కదా, మీ మౌల్డ్ కూడా అదే పదార్థం. చేతికి వేడి తగలకుండా ఆపే వస్తువు కేక్‌కి మాత్రం వేడిని గబగబా ఎలా అందిస్తుంది? అల్యూమినియం వేడిని సిలికాన్ కంటే ఇంచుమించు వెయ్యి రెట్లు బాగా మోస్తుంది. టిన్‌లో అయితే ఓవెన్ వేడి అంచుల నుంచి, అడుగు నుంచి లోపలికి చొరబడుతుంది, పక్కలు ముందు గట్టిపడి తర్వాత మధ్య ఉడుకుతుంది. సిలికాన్‌లో పైభాగం ఒక్కటే నేరుగా వేడిగాలికి ఎదురుగా ఉంటుంది, అడుగూ పక్కలూ దుప్పటి కప్పుకుని కూర్చున్నట్టు ఉంటాయి. అందుకే మీ కేక్ పైన అయిపోయినట్టు కనిపించి మిమ్మల్ని మోసం చేసింది. అందులో రెసిపీ తప్పూ లేదు, మీ చేతి తప్పూ లేదు.

కాబట్టి మొదటి మార్పు వేడీ టైమూ. 180 అని ఉంటే 170 పెట్టండి, మీ ఓవెన్‌లో ఫ్యాన్ తిరుగుతుంటే 160 చాలు. టైమ్ మాత్రం పెంచాలి. ఎంత అనేది మౌల్డ్ మందాన్ని బట్టి ఉంటుంది, నా దగ్గరున్న పల్చటిదానికి 5 నిమిషాలు ఎక్కువ పడితే మందపాటిదానికి 15 దాకా పడుతుంది. "వేడి పెంచితే త్వరగా ఉడుకుతుంది కదా" అని చాలామందికి అనిపిస్తుంది, నేనూ 200 పెట్టి చూశాను, పైన మాడి, నడుమ పగిలి, అడుగున పాయసంలా వచ్చింది. వేడి పెంచితే ముందు పైభాగమే దెబ్బతింటుంది. ఇంకో సంగతి, ఇంట్లో వాడే ఓవెన్ల డయల్‌ని గుడ్డిగా నమ్మకండి, 15, 20 డిగ్రీలు అటూఇటూ ఉండటం మామూలే. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి ఉంటే ఈ అనుమానం తీరిపోతుంది.

మౌల్డ్ కింద ఏం పెట్టారో మీరు రాయలేదు. ఓవెన్‌తో పాటు వచ్చే దళసరి ట్రే మీద పెట్టి ఉంటారని నా అనుమానం, ఎందుకంటే అందరం మొదట చేసేది అదే. అసలే దుప్పటి కప్పుకున్న అడుగుకి ఆ ట్రే ఇంకో అడ్డుగోడ. వీలైతే చిల్లులున్న ట్రే గానీ తీగల ర్యాక్ గానీ వాడండి, వేడిగాలి కింద నుంచి కూడా తగులుతుంది. మౌల్డ్ మరీ పల్చగా ఉంటే ర్యాక్ తీగల మధ్య అడుగు కాస్త జారి కేక్ కింద గీతలు పడతాయి. నాకు అవేం పట్టవు, తిరగేశాక అడుగు ఎవరు చూస్తారు. మీకు నచ్చకపోతే పల్చటి ట్రే మీదే పెట్టి ఇంకో ఐదు నిమిషాలు ఆగండి.

ఏది పెట్టినా సరే, బ్యాటర్ (కలిపిన కేక్ పిండి) పోయకముందే మౌల్డ్‌ని దాని మీద పెట్టేసుకోవాలి. ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. మొదటిసారి వంటగట్టు మీద మౌల్డ్ పెట్టి, నిండా బ్యాటర్ పోసి, రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని లేపాను. టిన్ అనుకునే లేపాను మరి. మధ్యలో అడుగు కిందికి సాగింది, అంచులు నా చేతుల్లో దగ్గరికి వచ్చేశాయి, బట్టసంచిలో నీళ్లు మోస్తున్నట్టు అయింది. తెరిచి ఉన్న ఓవెన్ తలుపు మీద సగం, నేల మీద సగం పడింది. తలుపు అద్దం మీద పడింది అక్కడే ఉడికి గట్టిపడితే గోకలేక గోకలేక మర్నాటి దాకా గోకాను. అప్పటి నుంచి ముందు ట్రే, దాని మీద ఖాళీ మౌల్డ్, ఆ తర్వాతే బ్యాటర్. బయటికి తీసేటప్పుడు కూడా ట్రేనే పట్టుకోండి, మౌల్డ్‌ని ముట్టుకోవద్దు. వేడిగా ఉన్న కేక్ చాలా మెత్తగా ఉంటుంది, మౌల్డ్ వంగితే లోపల కేక్ చీలిపోతుంది.

కోలగా ఎందుకు వచ్చిందంటే, గుండ్రటి మౌల్డ్ దానంతటది పెద్దగా ఉబ్బదు. ట్రే ఇరుకై ఒక పక్క నొక్కుకుని ఉండాలి, లేదా అలమరలో ఏ బరువు కిందో వంగి ఉండి ఆ వంకర ఇంకా పోయి ఉండదు. పొడవాటి బ్రెడ్ ఆకారం మౌల్డ్‌లకు మాత్రం ఈ రోగం పుట్టుకతోనే ఉంటుంది, నిండుగా పోస్తే పొడుగు పక్కలు బయటికి పొంగి కేక్ పడవలా తయారవుతుంది. అంచు లోపల స్టీలు తీగ ఉన్న మౌల్డ్‌లు దొరుకుతాయి, అవి చాలా నయం. లేకపోతే మౌల్డ్‌కి రెండు పక్కలా ఓవెన్‌కి తట్టుకునే గిన్నెలు ఆనించి పెట్టినా పని జరుగుతుంది.

ఎంత పోయాలన్నది కళ్లతో అంచనా వెయ్యకండి. ఖాళీ మౌల్డ్‌ని ట్రే మీద పెట్టి, కొలత గ్లాసుతో అంచు దాకా నీళ్లు పోసి ఎన్ని పట్టాయో చూసుకోండి. అందులో సగం నుంచి మూడింట రెండొంతుల లోపు బ్యాటర్ ఉండాలి, అంతకు మించితే పొంగి కారుతుంది. ఆ సంఖ్యని మౌల్డ్ అట్టపెట్టె మీద రాసిపెట్టుకుంటే మళ్లీ మళ్లీ కొలిచే పని ఉండదు.

ఇప్పుడు అంటుకోవడం సంగతి. "నూనె రాయక్కర్లేదు, దానంతటదే ఊడి వస్తుంది" అని అట్టపెట్టె మీద రాస్తారు. అది పూర్తిగా ఉడికిన, కాస్త చల్లారిన, నునుపైన మౌల్డ్‌లో చేసిన కేక్‌కి చాలావరకు నిజమే. మీది అడుగున ఉడకలేదు. ఉడకని పిండి ఎందులోనైనా అంటుకుంటుంది, దానికి సిలికాన్‌ని అనడానికి లేదు. అయినా నేను ప్రతిసారీ పల్చగా వెన్న రాస్తాను. నూనె రాసి చూడండి, ఒక చోట నిలవకుండా చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, సిలికాన్ స్వభావమే అంత. మెత్తబడిన వెన్న బ్రష్‌తో రాస్తే అంటిపెట్టుకుని ఉంటుంది. పువ్వులు, గాడులు ఉన్న మౌల్డ్ అయితే వెన్న మీద చిటికెడు మైదా చల్లి, తిరగేసి దులిపేయండి. డబ్బాలో వచ్చే కుకింగ్ స్ప్రే మాత్రం వద్దు. వాటిలో చాలావాటిలో లెసిథిన్ అనే కొవ్వులాంటి పదార్థం ఉంటుంది, అది వేడికి సిలికాన్ మీద జిగురు పొరలా పేరుకుపోతుంది, నాలుగైదు సార్లయ్యాక మౌల్డ్ ముట్టుకుంటేనే బంకగా ఉంటుంది. అంటుకోకూడదని కొట్టిన స్ప్రే వల్లే కేక్ అంటుకుంటుంది, చూడండి విచిత్రం.

ఈసారి ఈ కొలతలతో చేసి చూడండి, 18 సెంటీమీటర్ల గుండ్రటి మౌల్డ్‌కి సరిపోతాయి. మైదా 150 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, పంచదార 130 గ్రాములు, గుడ్లు 2, వాసన లేని నూనె 80 మి.లీ., పాలు 100 మి.లీ., కొంచెం వెనీలా. గుడ్లూ పాలూ ఫ్రిజ్‌లోంచి ముందే తీసి పెట్టుకోండి. గుడ్లూ పంచదారా రెండు మూడు నిమిషాలు నురగ తేలేదాకా గిలక్కొట్టి, నూనె సన్నటి ధారగా పోస్తూ కలిపి, పాలూ వెనీలా వేసి, జల్లించిన పిండీ బేకింగ్ పౌడరూ ఉప్పూ రెండు విడతలుగా కలపండి. పొడిపిండి కనిపించడం ఆగిన క్షణంలో మీరూ ఆగిపోవాలి. ఇంకా కలుపుతూ పోతే మైదాలో సాగుదనం పెరిగి కేక్ రబ్బరులా అవుతుంది. నేను మొదటి కేక్‌కి నూనె రెసిపీయే ఎందుకు చెబుతానంటే, వెన్న పంచదార కలిపి క్రీమ్ చెయ్యడంలో ఇంకో నాలుగు చోట్ల తప్పు జరగొచ్చు, మీరు ఇప్పుడు నేర్చుకోవాల్సింది మౌల్డ్ గురించి, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

పోశాక మౌల్డ్‌ని పట్టుకుని కొడితే అది ఊగుతుందే తప్ప గాలిబుడగలు పోవు. ట్రేని రెండు వేళ్ల ఎత్తు లేపి గట్టు మీద రెండుసార్లు కొట్టండి. గాడులున్న మౌల్డ్ అయితే ముందు రెండు చెంచాల బ్యాటర్ వేసి బ్రష్‌తో గాడుల్లోకి పూసి, ఆ తర్వాత మిగతాది పోయాలి, లేకపోతే పువ్వు రేకుల కొనల్లో సున్నాల్లా గుంటలు పడతాయి.

ఓవెన్ ముందే 170 కి వేడెక్కి ఉండాలి, మధ్య అరలో పెట్టండి, మొదటి 25 నిమిషాలు తలుపు జోలికి వెళ్లొద్దు. మధ్య భాగం ఇంకా ద్రవంగా ఉన్నప్పుడు తలుపు తీస్తే చల్లగాలికి కుంగిపోతుంది. 35వ నిమిషంలో మొదటిసారి చూడండి, నా లెక్కన 35 నుంచి 45 మధ్యలో అవుతుంది. పైరంగు చూసి తీర్పు చెప్పొద్దు. వేలితో మధ్యలో మెల్లగా నొక్కితే గుంట పడకుండా తిరిగి లేవాలి, టూత్‌పిక్ నడిమధ్యలో అడుగు తగిలేదాకా గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటీ అరా పొడి ముక్క అంటితే ఫర్వాలేదు. చాలామంది టూత్‌పిక్‌ని సగం లోతు గుచ్చి శుభ్రంగా ఉందని తీసేస్తారు, సిలికాన్‌లో పచ్చి ఉండేదే ఆ కింది సగంలో. గుచ్చే థర్మామీటర్ ఉంటే మధ్యలో 97, 98 డిగ్రీలు చూపించాలి. పైన రంగు ఎక్కువైపోతోంది, లోపల ఇంకా అవ్వలేదు అనుకుంటే 30 నిమిషాల తర్వాత పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పండి.

బయటికి తీయడం ఒక్కటి సరిగ్గా వస్తే సగం టెన్షన్ పోతుంది, అందుకని దీన్ని కాస్త విడమరిచి చెబుతాను. ట్రేతో సహా తీసి, మౌల్డ్‌ని మెల్లగా తీగల ర్యాక్ మీదికి జరిపి 15 నిమిషాలు వదిలేయండి. ఆ టైమ్‌లో కేక్ కొంచెం ముడుచుకుని అంచుల దగ్గర సన్నటి సందు కనిపిస్తుంది. ఇప్పుడు మౌల్డ్ అంచుని వేళ్లతో బయటికి లాగుతూ చుట్టూ ఒక రౌండ్ వేయండి, గాలి లోపలికి వెళ్లి మౌల్డ్ కేక్‌ని వదులుతున్నట్టు చేతికే తెలుస్తుంది. ఏదైనా చోట పట్టుకుని ఉంటే బలవంతం చెయ్యకుండా ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత పైన ఇంకో ర్యాక్ గానీ పళ్లెం గానీ బోర్లించి, రెండూ కలిపి పట్టుకుని ఒక్కసారి తిప్పేయండి. ఇక్కడే అందరూ చేసే పొరపాటు, మౌల్డ్‌ని నిలువుగా పైకి లాగుతారు. అలా లాగితే లోపల గాలి చొరబడక అడుగు చప్పరించినట్టు పట్టుకుని కేక్ రెండు ముక్కలవుతుంది. అడుగు మధ్యలో బొటనవేళ్లతో మెల్లగా నొక్కుతూ, అంచుని చంటిపిల్లల కాలి మేజోడు ఊడదీసినట్టు వెనక్కి మడుస్తూ తీయండి. చాకు పెట్టి అంచు చుట్టూ తిప్పడం టిన్‌లో అలవాటేమో గానీ ఇక్కడ చేస్తే మౌల్డ్ కోసుకుపోతుంది.

అలాగని మరీ చల్లారేదాకా మౌల్డ్‌లోనే ఉంచొద్దు. లోపలి ఆవిరి బయటికి పోలేక గోడల దగ్గర నీరై కేక్ పక్కలు తడిసి ముద్దవుతాయి. సన్నటి చెక్కుడు పని ఉన్న మౌల్డ్‌లకి మాత్రం ఈ నియమం కొంచెం సడలించి 25, 30 నిమిషాలు ఆగుతాను, ఆకారం విరగడం కంటే కాస్త తడే నయం.

అన్నీ సరిగ్గా చేసినా సిలికాన్ కేక్ పక్కలు పాలిపోయినట్టే ఉంటాయని ముందే చెబుతున్నాను, మళ్లీ ఉడకలేదేమో అని కంగారు పడకండి. గోధుమరంగు తిరగాలంటే కేక్ పైపొర బాగా ఎండి 140 డిగ్రీలు దాటాలి, సిలికాన్ గోడ దగ్గర ఆ వేడి ఆలస్యంగా అందుతుంది. రంగు కావాల్సిందే అనుకుంటే చిన్న కేకులైతే మౌల్డ్‌లోంచి తీసి ట్రే మీద పెట్టి ఇంకో ఐదు నిమిషాలు ఓవెన్‌లో ఉంచొచ్చు. కరకరలాడే అంచు ఇష్టమైనవాళ్లకి మాత్రం లోహమే సరైనది, ఇందులో వాదన లేదు. గుడ్డు తెల్లసొన నురగ మీద ఆధారపడి లేచే స్పాంజి కేకులు కూడా ఇందులో వద్దు, అవి గోడల్ని పట్టుకుని పైకి ఎక్కాలి, సిలికాన్ మీద పట్టు దొరక్క కుంగుతాయి. మఫిన్లు, చిన్న ఆకారాల కేకులు, నీళ్ల ట్రేలో పెట్టి చేసే చీజ్‌కేక్ లాంటివాటికి మాత్రం నేను సిలికాన్‌నే తీస్తాను, అతుకులు ఉండవు కాబట్టి నీళ్లు లోపలికి రావు.

మౌల్డ్ మీద ఎన్ని డిగ్రీల వరకు తట్టుకుంటుందో రాసి ఉందా చూడండి. సాధారణంగా 220, 230 అని ఉంటుంది. ఏ సంఖ్యా లేకపోతే, ఆహారానికి పనికొస్తుందన్న గుర్తు లేకపోతే దాన్ని ఓవెన్‌లో పెట్టకండి. సబ్బులకీ కొవ్వొత్తులకీ అచ్చం ఇలాంటి మౌల్డ్‌లే అమ్ముతారు, చూపుకి తేడా తెలీదు. మెలితిప్పితే తెల్లగా గీత కనిపిస్తే కల్తీ అని ఒక పరీక్ష చెబుతుంటారు, అదొక అనుమానానికి పనికొస్తుంది గానీ రుజువు కాదు. కొత్త మౌల్డ్‌ని సబ్బునీళ్లతో కడిగి, ఆరాక, లేబుల్ మీద 200 కి పైన ఉంటే ఖాళీగా 200 దగ్గర ఓ గంట ఉంచి, కిటికీలు తెరిచి పెట్టుకోండి. తయారీలో మిగిలిపోయిన, వేడికి ఆవిరయ్యే పదార్థాలు కొంత అలా పోతాయి. జర్మనీ ప్రమాద అంచనా సంస్థ బీఎఫ్ఆర్ ఆహారానికి వాడే సిలికాన్‌లో ఇలాంటివి 0.5 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. గంట తర్వాత కూడా ఘాటు వాసన తగ్గకపోతే నేనైతే దాన్ని వంటకి వాడను.

గ్రిల్ మోడ్‌లో పెట్టొద్దు, నేరుగా మంట మీద అసలే వద్దు. ఓటీజీలో (కరెంటు రాడ్లతో వేడెక్కే చిన్న ఓవెన్‌లో) అయితే రాడ్లకి మౌల్డ్ అంచు తగలకుండా నాలుగు వేళ్ల దూరం చూసుకోండి, గాలి 170 ఉన్నా ఎర్రగా కాలిన రాడ్డు దానికంటే చాలా ఎక్కువ వేడిగా ఉంటుంది. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ (ఓవెన్‌లా వేడిగాలితో ఉడికించేది) ఉంటే ఇప్పటిదాకా చెప్పిందంతా వర్తిస్తుంది, మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో కూడా, అంచులో స్టీలు తీగ లేని మౌల్డ్‌కైతే ఏమీ కాదు గానీ కేక్‌కి రంగు రాదు.

కడగడం తేలికే. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు నానబెట్టి, లోపలి వైపు బయటికి తిప్పి మెత్తటి స్పాంజితో రుద్దండి, స్టీలు పీచు తాకనివ్వొద్దు. పాత నూనె జిగురు పట్టి ఉంటే వంటసోడాలో కొంచెం నీళ్లు కలిపి ముద్దలా పట్టించి అరగంట ఉంచి రుద్దితే చాలావరకు వదులుతుంది. సిలికాన్ వాసనల్ని పట్టి ఉంచుకుంటుంది, ఘాటైన వాసన ఉన్న సబ్బు వాడితే తర్వాతి కేక్‌లో నిమ్మవాసన సబ్బు రుచి తగులుతుంది, ఇది నేను తిని చూసి చెబుతున్నాను. ఆరాక మడత పెట్టకుండా, పైన ఏమీ పెట్టకుండా దాచండి.

చివర్లో ఆ విరిగిన కేక్ ఏం చెయ్యాలని కూడా అడిగారు కదా. పచ్చిగా ఉన్న అడుగు అలాగే తినకండి, పచ్చి గుడ్డూ పచ్చి పిండీ రెండూ మంచివి కావు. ఈసారి మళ్లీ అలా జరిగితే వెంటనే ముక్కలుగా తుంచి ట్రే మీద పల్చగా పరిచి 160 డిగ్రీల్లో 15, 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి, పూర్తిగా పొడిబారేదాకా ఉంచండి. చల్లారాక డబ్బాలో వేసుకుంటే ఐస్‌క్రీమ్ మీద చల్లుకోవడానికి బాగుంటుంది. మా ఇంట్లో మొదటి ఏడాదంతా కేక్ కంటే ఆ పొడే ఎక్కువ తిన్నారు.